పాత బండిలో క్రూజ్ కంట్రోల్ ఆగిపోతే ముందు చూడాల్సింది బ్రేకు స్విచ్

పన్నెండేళ్ళ డీజిల్ బండిలో క్రూజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే పెట్టిన వేగంలో బండిని నడిపే ఏర్పాటు) పనిచేయడం మానేసింది, కంపెనీ సామాను మొత్తం మార్పించాలా లేక బయట దొరికే కిట్ వేయించాలా అని అడిగారు. ఇప్పటికి రెండూ వద్దు. డ్యాష్‌బోర్డు కింద, బ్రేకు పెడల్ కమ్మీకి ఆనుకుని బొటనవేలంత స్విచ్ ఒకటి ఉంటుంది. ముందు దాన్ని పరీక్ష చేయించండి. మీ జబ్బు అక్కడే ఉంటుందని నా గట్టి నమ్మకం.

నేను తిరుపతిలో ఉంటాను. మా అమ్మాయి బెంగళూరులో ఉంది కాబట్టి చిత్తూరు, పలమనేరు మీదుగా తరచూ కారులో వెళ్ళివస్తుంటాను. నా కుడి మోకాలు అరిగిపోయింది. ఆ కాలిని గంటల తరబడి యాక్సిలరేటర్ మీద కదపకుండా పెట్టి ఉంచడం ఎంత బాధో మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకే తెలుసు. నా బండిలో క్రూజ్ కంట్రోల్ ఆగిపోయినప్పుడు, ‘పాత బండికి అదెందుకు సార్, మన రోడ్లకు పనికిరాదు’ అని సర్వీసు సెంటర్ కౌంటరులో ఒక అబ్బాయి తేల్చేశాడు. ఆ మాటకు నాకు ఇప్పటికీ కోపమే. క్రూజ్ కంట్రోల్‌కు 1950లో పేటెంట్ పొందిన రాల్ఫ్ టీటర్ చిన్నప్పుడే చూపు కోల్పోయిన ఇంజనీరు. జీవితమంతా ఇంకొకరు నడిపే బండిలో కూర్చున్న మనిషి, వేగం మాటిమాటికీ మారితే ఒళ్ళు ఎలా కుదుపుకు గురవుతుందో అనుభవించిన మనిషి. 1958లో క్రైస్లర్ ఇంపీరియల్ కార్లలోకి అది వచ్చింది. శరీరం పడే ఇబ్బందిలోంచి పుట్టిన వస్తువును విలాసం అంటే ఒప్పుకోను.

అదే సర్వీసు సెంటర్ వాళ్ళు స్టీరింగ్ మీది బటన్లు మారుద్దామన్నారు, కుదరకపోతే లోపలి స్పైరల్ కేబుల్ అన్నారు, అదీ కాకపోతే ఇంజన్ కంప్యూటర్ అన్నారు. ఒక్క వైరు కూడా తాకి చూడకుండానే ఇదంతా! ఈ రోజుల్లో మరమ్మతు అంటే భాగాలు విప్పి పారేసి కొత్తవి బిగించడమే అయిపోయింది. లోపం ఎక్కడుందో వెతికే ఓపిక ఎవరికీ లేదు.

చిత్తూరులో రేకుల షెడ్డులో వైరింగ్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన బానెట్ ఎత్తలేదు. ‘హారన్ మోగుతోందా సార్? పాటల సౌండు బటన్లు పనిచేస్తున్నాయా? ఎయిర్‌బ్యాగ్ లైటు ఏమైనా వెలుగుతోందా?’ అని అడిగాడు. హారన్, సౌండు బటన్లు బాగున్నాయి, లైటు వెలగడం లేదు అన్నాను. అయితే స్పైరల్ కేబుల్‌ను వదిలేయండి అన్నాడు. హారన్‌కూ, ఎయిర్‌బ్యాగ్‌కూ, ఆ బటన్లకూ స్టీరింగ్‌లోకి దారి ఆ కేబులే. అది తెగితే వాటిలో ఏదో ఒకటి బయటపడుతుంది.

తర్వాత తలుపు తీసి, వెల్లకిలా పడుకుని పెడళ్ళ కిందికి తల దూర్చాడు. ‘బ్రేకు లైట్లు చక్కగా వెలుగుతున్నాయి కదా, స్విచ్ బాగానే ఉంది’ అన్నాడు పక్కనున్న కుర్రవాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. ఆ స్విచ్‌కు నాలుగు వైర్లు. రెండు లైట్లకు, మిగతా రెండు ఇంజన్ కంప్యూటర్‌కు. పెడల్ తొక్కితే మొదటి జత కలవాలి, రెండో జత విడిపోవాలి. రెండో జతకు మీటర్ పెట్టి ‘కాలు తీయండి సార్’ అన్నాడు. తీశాను. ఆ జత కలిసి మీటర్ మోగాలి, మోగలేదు. ‘కంప్యూటర్ లెక్కలో మీరు బ్రేకు తొక్కే ఉన్నారు సార్’ అన్నాడు. స్విచ్‌ను పావు వంతు తిప్పి బయటికి లాగితే, లోపలికీ బయటికీ ఆడాల్సిన తెల్లటి ప్లాస్టిక్ పుల్ల గోధుమరంగు జిగురు పట్టి, ఒక పక్కకు అరిగి ఉంది.

ఆ రెండు వైర్లూ కలిపేస్తే సరిపోతుంది కదా అన్నాడు కుర్రవాడు. ‘రెండు దారులు ఎందుకు పెట్టారు నాయనా? ఒకటి మోసం చేస్తే రెండోది కాపాడాలని’ అని పెద్దాయన గట్టిగా మందలించాడు. ఎవరైనా మీకు ఆ సలహా ఇస్తే బండి తీసుకుని వచ్చేయండి. బ్రేకు తొక్కిన సంగతి కచ్చితంగా తెలుస్తుందన్న భరోసా లేకపోతే క్రూజ్ కంట్రోల్ పట్టుకోదు. నా బండిలో అది చెడిపోలేదు, చేయాల్సిన పనే చేసింది. కొత్త స్విచ్‌కు తిరుపతి హోటల్లో నలుగురు టిఫిన్ చేసినంత ఖర్చయింది.

కిట్ సంగతి. యాక్సిలరేటర్‌కు తీగ ఉన్న పాత బండ్లలో ఆ తీగను లాగే మోటారు పెట్టాలి. మీది ఎలక్ట్రానిక్ పెడల్ అయితే దానికీ వైరింగ్‌కూ మధ్య చిన్న పెట్టె తగిలిస్తారు. ఏది వేయించినా బ్రేకు సంకేతం కోసం మళ్ళీ ఆ స్విచ్ దగ్గరికే రావాలి. పాడైన స్విచ్ మీద కొత్త కిట్ కట్టడం డబ్బు దండగ.

బాగైన తర్వాత ఎక్కడ వాడకూడదో కూడా చెప్పాలి. మన పాత బండ్లలో ఉండేది ముందున్న వాహనాన్ని చూడదు, బ్రేకు వేయదు. పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగేటప్పుడు పెట్టిన వేగాన్ని దాటి బండి ఉరుకుతుంది. తిరుమల ఘాట్‌లో దాని జోలికే వెళ్ళకండి. మామిడి కాలంలో పూతలపట్టు, చంద్రగిరి మధ్య తోతాపురి కాయల ట్రాక్టర్లు వెనక ఒక్క దీపం కూడా లేకుండా చీకట్లో వెళుతుంటాయి. ఒక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్ అంటించడానికి ఏం కష్టం? అదే రోడ్డు అంచున కొండకు నడిచి వెళ్ళే భక్తులుంటారు. చీకటి పడితే పూతలపట్టు నుంచి చంద్రగిరి వరకు నా కాలు బ్రేకు దగ్గరే, మోకాలు ఎంత నొప్పి పెట్టినా సరే.

స్విచ్ కొనడానికి వెళ్ళేటప్పుడు పాతది చేతిలో పట్టుకెళ్ళి పిన్నులు లెక్కపెట్టుకోండి, రెండు పిన్నులది అంటగడితే తీసుకోవద్దు. బిగించాక ఖాళీ రోడ్డు మీద క్రూజ్ పెట్టి బ్రేకును పాదంతో మెల్లగా తాకండి. తాకీ తాకగానే క్రూజ్ వదిలేయాలి. క్షణం ఆలస్యమైనా మళ్ళీ షెడ్డుకు తీసుకెళ్ళండి.