న్యాయ సలహా: విదేశీ ఆర్బిట్రేషన్ అవార్డు అమలు

ప్రశ్న: మాది గుంటూరు. మలేసియాలోని ఒక కంపెనీకి ఎండుమిర్చి ఎగుమతి చేశాం. సరుకు దించుకున్న తర్వాత నాణ్యత బాగాలేదంటూ వాళ్లు డబ్బు ఆపేశారు. ఒప్పందం ప్రకారం సింగపూర్‌లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట జరిగే మధ్యవర్తిత్వ విచారణ) జరిగి అవార్డు (మధ్యవర్తి తీర్పు) మాకు అనుకూలంగా వచ్చింది. నెలలు గడుస్తున్నా పైసా రాలేదు. గుంటూరు కోర్టులో ఎగ్జిక్యూషన్ (అమలు) పిటిషన్ వేసుకోవచ్చా?
– ఒక ఎగుమతిదారు

జవాబు: పిటిషన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కంపెనీ ఆస్తులు ఎక్కడున్నాయో తేల్చుకోండి. అవార్డు ఇచ్చిన ఆర్బిట్రేటర్‌కు బ్యాంకు ఖాతా స్తంభింపజేసే అధికారం గానీ, గోదాములోని సరుకు జప్తు చేసే అధికారం గానీ ఉండవు. ఆ పని కోర్టే చేయాలి, అది కూడా ఆస్తి ఏ దేశంలో ఉంటే ఆ దేశపు కోర్టే చేయగలదు. మీ కొనుగోలుదారుకు ఇక్కడ ఆస్తి ఏమీ లేకపోతే మన కోర్టు ఉత్తర్వు వల్ల మీకు ఒరిగేదేమీ ఉండదు.

మీకు కలిసొచ్చే అంశం 1958 నాటి న్యూయార్క్ ఒప్పందం. 170కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. మన దేశం 1960లో ఆమోదించింది, సింగపూర్, మలేసియా కూడా సభ్యదేశాలే. ఒక సభ్యదేశంలో వెలువడిన అవార్డును మరో సభ్యదేశపు కోర్టు కేసును మళ్లీ మొదటి నుంచి విచారించకుండానే అమలు చేయాలన్నది ఈ ఒప్పందం సారాంశం. కాబట్టి మీరు మలేసియాలో ఒక న్యాయవాదిని పెట్టుకుని అక్కడి హైకోర్టులో దరఖాస్తు చేయించాలి. దానికి అసలు అవార్డు లేదా ధ్రువీకరించిన ప్రతి, ఆర్బిట్రేషన్ షరతు ఉన్న అసలు ఒప్పందం లేదా దాని ధ్రువీకృత ప్రతి కావాలి. ఒప్పందం ఈమెయిళ్ల మీదే నడిచి ఉంటే, షరతును అవతలివాళ్లు అంగీకరించినట్టు చూపే ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఇప్పుడే ఒకచోట చేర్చి భద్రపరచండి. చాలామంది ఎగుమతిదారులు తడబడేది ఈ కాగితాల దగ్గరే. కొనుగోలు ఆర్డరు ఒక పేరు మీద, ఇన్‌వాయిస్ మరో అనుబంధ కంపెనీ పేరు మీద ఉంటే, అవార్డు ఎవరి మీద వచ్చిందో వారి ఆస్తి మీదకే వెళ్లగలం తప్ప వాళ్ల బంధు కంపెనీ ఆస్తి మీదకు తేలిగ్గా వెళ్లలేం.

అవార్డును రద్దు చేయమని కోరదలిస్తే మీ ప్రత్యర్థి సింగపూర్ కోర్టుకే వెళ్లాలి. అందుకు అవార్డు అందిన నాటి నుంచి మూడు నెలల గడువు ఉంటుంది. ఆ గడువు దాటిందో లేదో చూసుకోండి, దాటితే మీ స్థితి మరింత బలపడినట్టే.

అదే కంపెనీకి మన దేశంలో మరెవరైనా వ్యాపారి బాకీ ఉంటే, ఆ బాకీ మీద ఇక్కడ చర్య తీసుకునే వీలుంది. అయితే విదేశీ అవార్డు అమలు కోసం జిల్లా కోర్టుకు కాక హైకోర్టుకు వెళ్లాలని ఆర్బిట్రేషన్ చట్టంలోని 47వ సెక్షన్ చెబుతోంది. అంటే ఆ వ్యాపారి మన రాష్ట్రంలోనే ఉంటే గుంటూరు కాదు, అమరావతిలోని హైకోర్టు.

ప్రశ్న: మా హైదరాబాద్ కంపెనీ మీద లండన్‌లో అవార్డు వచ్చింది. ఖర్చు ఎక్కువని, ఎలాగూ మన కోర్టులు ఒప్పుకోవని ఎవరో చెబితే నమ్మి విచారణకు వెళ్లలేదు. ఇప్పుడు అమలు కోసం ఇక్కడ పిటిషన్ వేస్తామంటున్నారు. దీన్ని ఇక్కడే కొట్టివేయించవచ్చా?
– ఒక డైరెక్టరు

జవాబు: వీలు కాదు. మీకు ఆ సలహా ఇచ్చినవారు పాత కాలపు తీర్పులను మనసులో పెట్టుకుని చెప్పి ఉంటారు. ఒకప్పుడు అలాంటి వీలు నిజంగానే ఉండేది, అందుకు మూలమైన కేసు కూడా మన ఊరిదే. సత్యం కంప్యూటర్స్‌కు, అమెరికాలోని వెంచర్ గ్లోబల్ ఇంజినీరింగ్‌కు మధ్య వివాదంలో 2006లో అవార్డు సత్యంకు అనుకూలంగా వెలువడింది. సత్యం దాన్ని మిషిగన్‌లో అమలు చేయించుకోబోతే, అమెరికా కంపెనీ సికింద్రాబాద్‌లోని సిటీ సివిల్ కోర్టుకు వచ్చి రద్దు కోరింది. విదేశంలో వెలువడిన అవార్డును కూడా మన కోర్టులు రద్దు చేయవచ్చని 2008 జనవరిలో సుప్రీంకోర్టు అంగీకరించింది. ఆ తలుపును 2012 సెప్టెంబరు 6న భారత్ అల్యూమినియం కేసులో రాజ్యాంగ ధర్మాసనం మూసివేసింది. ఆ తేదీ తర్వాత కుదిరిన ఒప్పందాలకు సంబంధించి, విదేశంలో జరిగిన ఆర్బిట్రేషన్ అవార్డును రద్దు చేసే అధికారం మన కోర్టులకు లేదు.

మీకు ఇక్కడ మిగిలిన హక్కు 48వ సెక్షన్ కింద అమలును వ్యతిరేకించడం మాత్రమే. నోటీసు సరిగా అందకపోవడం, వాదన చెప్పుకునే అవకాశం దొరకకపోవడం, ఆర్బిట్రేటర్ తన పరిధి దాటడం, అవార్డు మన పబ్లిక్ పాలసీకి (దేశ చట్టాల మౌలిక విధానానికి) విరుద్ధం కావడం వంటి కొద్దిపాటి కారణాలే అందులో ఉన్నాయి. లెక్క తప్పు కట్టారనో, సాక్ష్యాన్ని సరిగా అర్థం చేసుకోలేదనో చెబితే కోర్టు వినదు. నోటీసు అంది కూడా వెళ్లని వ్యక్తి, అవకాశం దొరకలేదని చెప్పుకోలేడు. 2020 ఫిబ్రవరిలో ప్రిస్మియన్ కేసులో ఇలాంటి అభ్యంతరాలను తోసిపుచ్చిన సుప్రీంకోర్టు, వాటిని తెచ్చిన పక్షం మీద 50 లక్షల రూపాయల ఖర్చులు కూడా విధించింది. పైగా హైకోర్టు అమలుకు అనుమతిస్తే ఆర్బిట్రేషన్ చట్టం కింద మీకు అప్పీలు లేదు. అనుమతి నిరాకరిస్తే మాత్రం అవతలివారికి అప్పీలు ఉంది. మీకు మిగిలేది సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి కోరి అప్పీలు చేయడం మాత్రమే.

అదే ఏడాది ఏప్రిల్‌లో నాఫెడ్ కేసులో, 1980 నాటి వేరుశనగ ఎగుమతి ఒప్పందం మీద వచ్చిన అవార్డును, ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగుమతి చేయడం చట్టవిరుద్ధం అవుతుందన్న కారణంతో సుప్రీంకోర్టు అమలు చేయనివ్వలేదు. కొందరు న్యాయవాదులు ఈ తీర్పు చూపి కక్షిదారులకు ఆశ పెడుతుంటారు. ఆ తీర్పు ధోరణి అంతకు ముందూ తర్వాతా వచ్చిన తీర్పులతో పొసగదని నా దృఢాభిప్రాయం. దాన్ని నమ్ముకుని కోర్టుకు వెళ్లవద్దు.

ఇంగ్లండ్ చట్టం ప్రకారం అవార్డు మీద అక్కడి కోర్టులో సవాలు చేయడానికి 28 రోజుల గడువు ఉంటుంది. అది మిగిలి ఉంటే ఈ రోజే లండన్ న్యాయవాదితో మాట్లాడండి. మిగిలి లేకపోతే వాయిదాల మీద చెల్లించేలా రాజీకి ప్రయత్నించండి. ఈలోగా కంపెనీ ఆస్తులను ఇంకెవరి పేరుకో మార్చే ఆలోచన పెట్టుకోకండి. అవార్డు అమలు కాకముందే ఆస్తులు చేతులు మారకుండా 9వ సెక్షన్ కింద ఉత్తర్వు కోరే హక్కు అవతలివారికి 2015 సవరణతో వచ్చింది.

ప్రశ్న: మాది అమలాపురం, లా చదువుతున్నాను. మా కోనసీమ తీరంలోని రవ్వ చమురు క్షేత్రం కేసు విదేశీ అవార్డులకు ముఖ్యమైనదని మా అధ్యాపకులు చెప్పారు. అందులో తేలిందేమిటి?
– ఒక విద్యార్థిని

జవాబు: చాలా ముఖ్యమైనదమ్మా. 1994లో కేంద్ర ప్రభుత్వం, ఓఎన్‌జీసీ, ప్రైవేటు కంపెనీలు కలిసి కుదుర్చుకున్న ఉత్పత్తి భాగస్వామ్య ఒప్పందంలో అభివృద్ధి ఖర్చుకు సుమారు 20 కోట్ల డాలర్ల పరిమితి ఉంది. కంపెనీలు దాదాపు 50 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టామని, అది తమకు రావాలని అన్నాయి. కౌలాలంపూర్‌లో కూర్చున్న ఆర్బిట్రేటర్లు 2011 జనవరిలో సుమారు 28 కోట్ల డాలర్లకు అంగీకరించారు. ప్రభుత్వం మలేసియాలో హైకోర్టు నుంచి ఫెడరల్ కోర్టు వరకు వెళ్లింది. 2016లో అక్కడ ఆఖరి ప్రయత్నం కూడా విఫలమైంది. అమలు పిటిషన్ ఢిల్లీ హైకోర్టులో 2014లోనే పడింది, సుప్రీంకోర్టు తుది తీర్పు 2020 సెప్టెంబరు 16న వచ్చింది.

ఆ తీర్పులో నువ్వు గుర్తుంచుకోవలసింది గడువు గురించిన భాగం. విదేశీ అవార్డు అమలుకు పిటిషన్ వేసేందుకు ఎంత గడువన్నదాని మీద హైకోర్టులు తలో మాట చెప్పేవి. లిమిటేషన్ (కాలపరిమితి) చట్టంలోని 137వ ఆర్టికల్ ప్రకారం మూడేళ్లేనని, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మన గడ్డ మీద ఇచ్చిన సాధారణ డిక్రీకి (సివిల్ కోర్టు తీర్పు ఉత్తర్వుకు) ఉండే పన్నెండేళ్ల గడువు దీనికి ఉండదన్న మాట. పరీక్షలో సరే, రేపు కక్షిదారుకు సలహా ఇచ్చేటప్పుడు ఇది మరిచిపోతే అతని హక్కే పోతుంది.

కరెన్సీ గురించి కూడా ఒక మాట చదువుకో. అవార్డు డాలర్లలోనో యూరోల్లోనో ఉంటే రూపాయల్లోకి ఏ రోజు రేటుతో మార్చాలన్న ప్రశ్నకు 2024లో డీఎల్ఎఫ్, కోన్‌చార్ కంపెనీల కేసు జవాబిచ్చింది. అభ్యంతరాలన్నీ తేలిపోయి అవార్డు అమలుకు యోగ్యమైన నాటి రేటే వర్తిస్తుంది. ఓడినవారు మధ్యలో కోర్టులో కొంత సొమ్ము జమ చేస్తే, ఆ మేరకు మాత్రం జమ చేసిన నాటి రేటు తీసుకుంటారు.