సామ్యవాదమా, కమ్యూనిజమా? ‘ఎర్ర భయం’ అనొచ్చా?

సందేహం: 20వ శతాబ్దపు చరిత్ర వ్యాసాలు కొన్ని తెలుగు చేస్తున్నాను. కమ్యూనిజం అన్నచోటల్లా ‘సామ్యవాదం’ అని రాశాను. చదివిన మిత్రుడు ‘సామ్యవాదమంటే సోషలిజం కదా’ అన్నాడు. హిందీ నిఘంటువు తీస్తే నేను రాసిందే ఒప్పనిపిస్తోంది. ఏది సరి? అమెరికాలో 1919లోనూ, మళ్లీ 1950 ప్రాంతంలోనూ కమ్యూనిస్టుల పేర రేగిన కంగారు ‘రెడ్ స్కేర్’ను ‘ఎర్ర భయం’ అన్నాను. అదీ ఎబ్బెట్టుగా ఉందట. మరేమనాలి?

సమాధానం: మీ మిత్రుడి మాటే సరి. హిందీ నిఘంటువు అబద్ధం చెప్పలేదు గాని, అది హిందీకి చెప్పింది. హిందీలో ‘సామ్యవాద్’ అంటే కమ్యూనిజం, ‘సమాజ్‌వాద్’ అంటే సోషలిజం. బెంగాలీలోనూ ‘సామ్యవాదం’ కమ్యూనిజమే. తెలుగులో మాత్రం ఆ మాట సోషలిజానికి స్థిరపడింది. 1976లో 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలోకి ‘సోషలిస్టు’ అనే మాట చేరినప్పుడు హిందీ పాఠం ‘సమాజ్‌వాదీ’ అంది, తెలుగు పాఠం ‘సర్వసత్తాక సామ్యవాద లౌకిక ప్రజాస్వామ్య గణతంత్ర రాజ్యం’ అంది. బడిపిల్లలందరూ పాఠ్యపుస్తకం మొదటి పేజీల్లో చదివే వాక్యమిది. ఇంత గట్టిగా నాటుకున్న మాటను పెరికి పక్క గట్టు మీద పాతితే, మీ వ్యాసం చదివినవాళ్లు భారత రాజ్యాంగం కమ్యూనిస్టు రాజ్యాన్ని ప్రకటించిందనుకుంటారు. హిందీ నుంచి వార్తలు తెలుగు చేసేవాళ్లు ఈ గోతిలో తరచుగా పడుతుంటారు.

‘సామ్యం’ అంటే సమానత్వం, పోలిక. కమ్యూనిజానికి మూలమైన లాటిన్ ‘కమ్యూనిస్’కు అర్థం సమానం కాదు, ఉమ్మడి. మన ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి ఆస్తిలో ఉన్న ఉమ్మడే. అక్షరార్థమే కావాలంటే ‘ఉమ్మడివాదం’ అనాలి, కానీ అలా ఎవరూ అనలేదు. అనకపోవడమే మంచిదైంది. ఎందుకో చైనాను చూస్తే తెలుస్తుంది. చైనీయులు జపాన్‌లో పుట్టిన అనువాదాన్ని తీసుకుని ‘గాంగ్‌చాన్’, అంటే ‘ఉమ్మడి ఆస్తి’ అన్నారు. 1921లో పుట్టిన పార్టీ పేరులోనూ ఆ మాటే ఉంది. ప్రత్యర్థులు దానికి ప్రాస కలిపి ‘గాంగ్‌చాన్ గాంగ్‌చీ’ అని ప్రచారం చేశారు: ఆస్తులూ ఉమ్మడే, ఆలూ ఉమ్మడే అని. ఈ నింద పాతదే, 1848లో మార్క్స్, ఎంగెల్స్ వెలువరించిన కమ్యూనిస్టు ప్రణాళికలోనే దానికి జవాబు కనిపిస్తుంది. చైనాలో మాత్రం పార్టీ పేరే ఆ నిందకు సగం పని చేసిపెట్టింది. తెలుగువాళ్లు ‘కమ్యూనిస్టు’ను అలాగే ఉంచేసుకున్నారు కాబట్టి ఆ మాట విన్నవాడికి ఆస్తీ ఆలూ స్ఫురించవు, జెండా స్ఫురిస్తుంది.

సోషలిజానికీ కమ్యూనిజానికీ తేడా ఎంత అంటే, ఏ కాలం గురించి రాస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. 1847లో సోషలిజం మధ్యతరగతి ఉద్యమమనీ, కమ్యూనిజం కార్మికుల ఉద్యమమనీ, అందుకే తమ ప్రణాళికకు రెండో పేరు ఎంచుకున్నామనీ ఎంగెల్స్ 1888 నాటి ముందుమాటలో చెప్పాడు. తరువాత లెక్క మారింది. 1875లో మార్క్స్ కొత్త సమాజానికి రెండు దశలు చెప్పాడు: మొదట పనిని బట్టి ప్రతిఫలం, పై దశలో అవసరాన్ని బట్టి. 1917లో లెనిన్ మొదటిదాన్ని సోషలిజమనీ, రెండోదాన్ని కమ్యూనిజమనీ విడదీశాడు. అందుకే పాలించేది కమ్యూనిస్టు పార్టీ అయినా 1922లో ఏర్పడిన దేశం పేరులో ఉన్నది ‘సోవియట్ సోషలిస్టు రిపబ్లిక్కులు’. రెండింటికీ సామ్యవాదమే వాడితే ఈ వాక్యం రాయడమే కుదరదు, చూసుకోండి. 1918 మార్చికి ముందు ఆ పార్టీ పేరులోనూ ‘కమ్యూనిస్టు’ లేదు, అది రష్యన్ సోషల్ డెమొక్రటిక్ కార్మిక పార్టీలో బోల్షివిక్ పక్షం. బోల్షివిక్ అంటే విప్లవకారుడని చాలామంది అనుకుంటారు. ఆ మాటకు అర్థం అధిక సంఖ్యాకుడు, అంతే. 1903 మహాసభలో కొందరు ప్రతినిధులు లేచిపోయాక జరిగిన ఓటింగులో లెనిన్ పక్షానికి ఆధిక్యం వచ్చింది, పేరు అతుక్కుపోయింది.

‘సమాజవాదం’ తప్పు మాట కాదు గాని తెలుగులో అది ఎక్కువగా ఉత్తరాది పార్టీని గుర్తుచేస్తుంది. అచ్చుతప్పు ప్రమాదం ఇంకొకటుంది. ‘సామ్యవాదం’లో ఒక్క అక్షరం జొరబడి, ఒకటి మారితే ‘సామ్రాజ్యవాదం’ అవుతుంది. లెనిన్‌ను సామ్రాజ్యవాదిని చేసిన ప్రూఫు దాటిపోకుండా చూసుకోవాలి. ప్రజాస్వామ్యంలో ఉన్నది మరో మాట, స్వామి నుంచి వచ్చిన ‘స్వామ్యం’.

ఇక ‘ఎర్ర భయం’. దొంగభయం అంటే దొంగ వలన భయం. పంచమీ తత్పురుషకు బళ్లో చెప్పే ఉదాహరణ అదే. అక్కడ ‘దొంగ’ నామవాచకం కాబట్టి ‘వలన’ పడుతుంది. ‘ఎర్ర’ విశేషణం. ఎర్ర చీర, ఎర్ర మన్ను లాగా ‘ఎర్ర భయం’ అంటే ఎర్రగా ఉన్న భయం అవుతుంది. పోనీ బహువచనం చేసి ‘ఎర్రల భయం’ అందామా అంటే, ఎర్ర అంటే వానపాము. అమెరికా సెనేట్ వానపాములకు హడలిపోయిందని చదువుకోవాల్సి వస్తుంది. ‘కమ్యూనిస్టుల భయం’ అన్నా చిక్కే, భయపడింది ఎవరో సందర్భం చెప్పాలి.

ఆంగ్లంలో ఉన్నది కూడా ఉత్త భయం కాదు. ఒక్కసారిగా మంద అంతా తోకలెత్తి పరుగెత్తే బెదురు అది. 1919 జూన్ 2న అటార్నీ జనరల్ పామర్ ఇంటి ముందు బాంబు పేలింది. పెట్టింది అరాచకవాదులు, అంటే ఏ ప్రభుత్వమూ వద్దనేవాళ్లు. ఆ నవంబరు నుంచి 1920 జనవరి దాకా సోదాలు, వేల అరెస్టులు. డిసెంబరు 21న ‘బ్యూఫర్డ్’ ఓడ మీద 249 మందిని రష్యాకు పంపేశారు. వాళ్లలో ఎమ్మా గోల్డ్‌మన్ కూడా ఉంది. ఆమె అరాచకవాది, కమ్యూనిస్టు పార్టీ మనిషి కాదు. రష్యాలో బోల్షివిక్కుల పాలన చూసి విసిగి 1921లో అక్కణ్నుంచీ వెళ్లిపోయింది. 1920 మే 1న తిరుగుబాటు తప్పదని పామర్ హెచ్చరించాడు. ఆ రోజు ఏమీ జరగలేదు. జనం పడ్డ ఈ కంగారుకు ‘ఎర్రజెండా బెదురు’ అనండి. సమాసం కుదురుతుంది, అర్థమూ నిలుస్తుంది.

1950 నాటిదానికి నేనైతే ‘బూచి’ వాడతాను. బెదురు దానంతట అది పుడుతుంది, బూచిని ఒకరు చూపించాలి. ఫిబ్రవరి 9న వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో సెనేటర్ మెకార్థీ విదేశాంగ శాఖలో ఉన్న 205 మంది కమ్యూనిస్టుల పేర్ల జాబితా తన చేతిలో ఉందన్నాడు. కొన్నాళ్లకే ఆ సంఖ్య 57 అయింది. అన్నం తినని పిల్లాడికి చూపే బూచి కూడా ఇంతే, అడిగినప్పుడల్లా ఆకారం మారుతుంది. 1954 డిసెంబరులో సెనేటే 67–22 ఓట్లతో అతణ్ని అభిశంసించింది. ‘కమ్యూనిస్టు బూచి’ పత్రికల్లో ఇప్పటికే ఉన్న మాట.

ఇలాంటి కాలాల గురించి రాసేటప్పుడు మాటలు మరీ విడివిడిగా ఉంచాలి. బెదిరినవాడికి అరాచకవాది, సోషలిస్టు, సమ్మె చేసిన కార్మికుడు అందరూ ఒక్కటే ఎరుపు. జైల్లో ఉండి 1920 అధ్యక్ష ఎన్నికల్లో 9 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్న యూజీన్ డెబ్స్ సోషలిస్టు. అతణ్ని మీరు కమ్యూనిస్టు అని రాస్తే పామర్ చూపుతోనే చూసినట్టు. మన దగ్గరా అంతే. 1924లో కాన్పూరులో బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన కేసుకు ‘బోల్షివిక్ కుట్ర’ అని పేరు. ఆ పేరును ఉటంకింపు గుర్తుల్లో పెట్టండి, అది నేరం మోపినవాళ్ల మాట.

రూపాల సంగతి: ‘కమ్యూనిస్ట్’ అని పొల్లుతో ఆపకుండా ‘కమ్యూనిస్టు’ అనండి. బస్సు, కారు లాగా అచ్చుతో ముగిస్తే బహువచనం తేలిగ్గా పలుకుతుంది. ‘కమ్యూనిజంను, కమ్యూనిజంకు’ వద్దు. దేశాన్ని, దేశానికి అన్నట్టే కమ్యూనిజాన్ని, కమ్యూనిజానికి.

మీ వ్యాసాల్లో 1946–51 తెలంగాణ సాయుధ పోరాటం ఉంటే ఇంకో మాట గుర్తుంచుకోండి. అప్పటి పల్లెల్లో జనం నోట ఎక్కువగా పలికింది కమ్యూనిస్టూ కాదు, సామ్యవాదీ కాదు, ‘సంగం’. 1944 భువనగిరి సభ తరువాత కమ్యూనిస్టుల చేతికి వచ్చిన ఆంధ్ర మహాసభకు ఊళ్లో వాడుక పేరు అది. దాని మనుషులు ‘సంగపోళ్లు’. రైతు నోట వచ్చిన వాక్యంలో దాన్ని దిద్ది ‘కమ్యూనిస్టు పార్టీ కార్యకర్తలు’ అని రాయకండి.