నిమ్మకాయ కంటే ముందు జ్వరం

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నీ నవలిక ఆసాంతం చదివాను. లంక ఊరు, కాలువ గట్టు, కొబ్బరితోటల్లో చీకటి చక్కగా కుదిరాయి. చేతబడి దగ్గరికొచ్చేసరికి కథ జారిపోయింది. మొదటి పేజీలోనే అమావాస్య, పుర్రె, నిమ్మకాయలు, ఎర్రకళ్ళ మంత్రగాడు దిగిపోయారు. మన ఊళ్ళలో చేతబడి మంత్రగాడితో మొదలవదు. తగ్గని జ్వరంతో మొదలవుతుంది. ఉన్నట్టుండి ఒట్టిపోయిన గేదెతోనో, నిలవని కడుపుతోనో, తెగని గట్టు తగాదాతోనో మొదలవుతుంది. ముందు ఊళ్ళో ఆరెంపీ డాక్టరు చేత సూది వేయిస్తారు. తర్వాత పెద్దాసుపత్రికి తిప్పుతారు. అప్పు పుడుతుంది, జబ్బు తగ్గదు. అప్పుడు పలకరించడానికొచ్చిన చుట్టపావిడ ఒకరు "ఎవరో ఏదో చేసుంటారండీ, ఓసారి చూపించండి" అంటుంది. ఆ మాట ఏ అరుగు మీద, ఎవరింటి వైపు చూస్తూ అన్నదో నువ్వు రాయాలి. నీ కథ అక్కడ పుడుతుంది.

ఇంకో సంగతి. నువ్వు అన్నిటినీ ఒకే గంపలో వేశావు. దిష్టిలో శత్రువు ఉండడు. కన్నతల్లి కన్ను కూడా తగులుతుందంటారు. గాలి సోకడమంటే ఒక చోటుది, చచ్చినవాళ్ళది: రేవు, చింతచెట్టు, ఉరిపోసుకున్న పాక. పూనకం అమ్మవారిది. పూనినావిడ కాళ్ళు కడిగి పసుపు రాస్తారు, ఆవిణ్ణి ఎవరూ కొట్టరు. చేతబడిలోనూ, మన వైపు చిల్లంగి అనేదానిలోనూ మాత్రమే ముద్దాయి ఉంటాడు. ఒక మనిషి, పేరుతో సహా. అందుకే పూనకం నుంచి చేతబడికి ఒక్క పేరాలో దూకెయ్యడం కుదరదు. బాణామతి మెదక్ వైపు మాట, నీ అమలాపురం ముసలమ్మ నోట్లో పెట్టకు.

దిష్టి తీసే చోట చేతులు సరిగ్గా కదలాలి. గుప్పెట్లో రాళ్ళుప్పు, నాలుగైదు ఎండుమిరపకాయలు. పిల్లాణ్ణి కూర్చోబెట్టి ఇటు మూడుసార్లు, అటు మూడుసార్లు తిప్పి, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అనుకుంటూ పొయ్యిలో వేస్తారు. కోరు, అంటే దగ్గు తెప్పించే ఘాటు, రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు. నీ కథలో దిష్టి ఉందని తేలాలంటే పొయ్యి భగభగ మండుతూ ఉండాలి, మిరపకాయలు గబుక్కున కాలిపోవాలి. ఆరిపోతున్న నిప్పుల మీద వేస్తే కమిలి ఇల్లంతా దగ్గుతుంది. ఇక ఎర్రనీళ్ళలో కుంకుమ కలిపించావు. మనవాళ్ళు కలిపేది పసుపూ సున్నమూ. సున్నపు క్షారం తగలగానే పసుపు ఎర్రబడుతుంది. అదే పళ్ళెంలో నిమ్మకాయ పిండితే తిరిగి పచ్చబడుతుంది. మంత్రగాడు "విరిగింది" అని చూపించే విద్యల్లో అదొకటి. నిమ్మకాయ కోస్తే నెత్తురు కారడం ఇంకొకటి: కత్తికి ముందే మందార రేకులు రుద్ది ఆరబెడతారు, పులుపు తగలగానే ఆ రంగు ఎర్రగా విచ్చుకుంటుంది. ఇవి నీకు తెలియాలి. కథలో విప్పి చెప్పనక్కర్లేదు, మంత్రగాడు కత్తిని ఎవరి చేతికీ ఇవ్వడని రాస్తే చాలు.

నీ ఐదో అధ్యాయం తవ్వకం గురించి కాస్త వివరంగా చెప్పాలి. అది కథకు గుండెకాయ, అక్కడే పెద్ద పొరపాటుంది. గడప కింద మూరెడు లోతున బొమ్మ దొరికింది, పన్నెండేళ్ళ కిందట పాతిపెట్టారన్నావు. గుడ్డకు కుంకుమ ఎర్రగానే ఉంది, సూదులు మెరుస్తున్నాయి, నల్లదారం గట్టిగా ఉంది. మన నేల సంగతి గుర్తు చేసుకో. వానాకాలం గుంట తీస్తే కొద్ది లోతులోనే నీరు ఊరుతుంది. ఆ ఒండ్రులో ఇనపసూది ఒక్క వర్షాకాలానికే తుప్పెక్కుతుంది. నూలుదారం చివికిపోతుంది. పిండిబొమ్మయితే చీమలూ పందికొక్కులూ మిగల్చవు. నిమ్మకాయ సంగతి చెప్పేదేముంది. పన్నెండేళ్ళ తర్వాత నిలిచేవి ఎముక ముక్క, గాజుపెంకు, రాగిరేకు. రేకు కూడా పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. అంటే మెరిసే సూదులతో బొమ్మ దొరికిందంటే, దాన్ని పెట్టినవాడు ఆ వారంలోనే పెట్టాడు. నీ కథ ఆ నిజం మీద తిరగాలి. తవ్వే పలుగు ఎవరి చేతిలో ఉంది? పైమన్ను వదులుగా ఉందా? గుంట దగ్గర దీపం ఎవరు పట్టుకున్నారు? మంత్రగాడు మొదట ఉత్త చేతులతోనే దిగుతాడు. రెండు గుంటలు ఖాళీగా తీయిస్తాడు. జనం అలిసిపోయి, కళ్ళు అతని ముఖం మీదికి మళ్ళినప్పుడు మూడో గుంటలో మూట బయటపడుతుంది. ఇంటి పెద్దకోడలికి సూదులు కొత్తవని కనిపిస్తుంది, నోరు విప్పదు. ఆమె ఎందుకు విప్పదో రాయి. ఇరవై పేజీలైనా ఫర్వాలేదు.

ముద్దాయిని నువ్వు రెండు పేరాల్లో చంపేశావు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే. ఆ నింద ఊరికే ఎవరి మీదో పడదు. మగదిక్కు లేని విధవరాలి మీద, కాన్పులు చేసే మంత్రసాని మీద, పసరువైద్యం తెలిసినవాడి మీద, ఊరికి దూరంగా ఒంటరిగా బతికేవాళ్ళ మీద పడుతుంది. రాయబోయే ముందు ఊరి పటం గీసుకో. ఎవరి చేను ఎవరి పక్కన ఉంది, తూము నీళ్ళు ముందు ఎవరికి, వడ్డీకి ఎవరిచ్చారు, ఎవరి కొబ్బరిచెట్టు ఎవరి దొడ్డిలోకి వాలింది. అప్పుడు ఏ ఇంటి మీద అనుమానం వాలుతుందో పటమే చెబుతుంది. మంత్రగాడు పేరు చెప్పడు. "తూర్పు దిక్కు, ఆడమనిషి, మీ ఇంట్లో అన్నం తిన్నదే" అంటాడు. పేరు ఇంటివాళ్ళ చేతే పలికిస్తాడు.

ముద్దాయి ముందుపళ్ళు ఊడగొట్టడం తెలుగునాట పాతకాలం నుంచీ ఉన్న క్రూరత్వం. కోపంలో చేసే పని అనుకుంటారు చాలామంది. దాని వెనక ఒక లెక్కుంది: పళ్ళు లేకపోతే అక్షరం స్పష్టంగా పలకదు, పలకని మంత్రం పారదు. నువ్వు ఈ సన్నివేశం రాస్తే ఆ తర్వాత ఆమె మాట్లాడే ప్రతి మాటలోనూ దంత్యాక్షరాలు చెదరాలి. ఆమెకు మాటలు మాత్రం తప్పకుండా ఇవ్వు.

చరిత్ర కొంచెం చాలు. శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషం, ఉచ్చాటనం, మారణం అని తంత్ర గ్రంథాలు ఆరు ప్రయోగాలు, షట్కర్మలు, చెప్పాయి. నీ మంత్రగాడు చదువుకున్నవాడైతే ఈ మాటలు వాడతాడు, లేకపోతే వాడడు. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు ఖజానా నింపే ఉపాయాల్లో ఒకటి చెప్పాడు: చెట్టు మీద రాక్షసుడున్నాడని భయం పుట్టించి, సిద్ధుల వేషంలోని గూఢచారులు శాంతి పేరుతో జనం దగ్గర డబ్బు వసూలు చేయాలని. నీ తవ్వకం సన్నివేశానికి అంత పాత వంశవృక్షం ఉంది. మన గోదావరి గడ్డ మీద ఎదురుతిరిగినవాళ్ళూ ఉన్నారు. 1874లో వివేకవర్ధిని పత్రిక పెట్టిన రాజమండ్రి వీరేశలింగం పంతులుగారు, కాకినాడ పి.ఆర్. కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన నాస్తికుడు గోరా. నీ కథాకాలం ఏదైనా, ఊళ్ళో నమ్మనివాడు ఒకడైనా ఉంటాడు. వాణ్ణి పట్నం నుంచి దింపకు, ఆ ఊరి బళ్ళోనే వెతుకు.

మరిడమ్మను చేతబడి దేవతలా చూపించావు, అది తప్పు. మరిడి అంటే కలరా. వేసవిలో కాలువలు కట్టేస్తే జనం చెరువునీళ్ళు అడుగంటేదాకా తాగేవారు. తొలకరికి మురుగంతా వాటిలో కలిసేది. పెద్దాపురం మరిడమ్మ జాతర ఆషాఢంలో వస్తుందంటే ఆశ్చర్యమేముంది? ఆవిడ ఊరిని కాచే తల్లి.

ఆఖరున పోలీసు సంగతి. నీ ఇన్‌స్పెక్టరు 1985లో "చేతబడి నిరోధక చట్టం కింద లోపలేస్తా" అంటాడు. మంత్రగత్తెనన్న నెపంతో హింసించడం మీద బీహార్ చట్టం చేసింది 1999లో. మహారాష్ట్ర చట్టం 2013లో, కర్ణాటకది 2017లో వచ్చాయి. నీ ఇన్‌స్పెక్టరు ఐపీసీ సెక్షన్లే రాస్తాడు: కొట్టడం, గాయపరచడం, హత్య. తాయెత్తుతో జబ్బు నయమవుతుందని ప్రకటన వేసినవాడి మీదైతే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం పనికొస్తుంది. ఆ పేజీ మార్చి, ఐదో అధ్యాయం తిరగరాసి పంపు. ఊరి పటం కూడా కవర్లో పెట్టు.

ఆశీస్సులతో,
అన్నయ్య