కొంగ తెలుపు కాగితానిదే

చిరంజీవి మైథిలికి పెదనాన్న ఆశీస్సులు.

టోక్యోలో ఉద్యోగం చేసుకుంటూనే జపాన్ చిత్రకారుడు ఒహారా కోసన్ పక్షుల చిత్రాలను మేలైన కాగితం మీద అచ్చు వేసి అమ్మాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు, సిరా వాసన నచ్చే మనిషి మన ఇంట్లో నా తరవాత ఇంకొకరు ఉన్నారని ఎంతో గర్వపడ్డాను. దాచుకున్న డబ్బంతా పెట్టి పెద్ద ప్రింటర్ కొనబోతున్నావని కూడా చెప్పింది, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యంత్రం ఇప్పుడే కొనవద్దు. మొదటి ఏడాది బయట వేయించు. నీ వీసాతో పక్క వ్యాపారం చేయవచ్చో లేదో ముందుగా కనుక్కో.

హక్కుల సంగతి సులువే. కోసన్ 1945లో పోయాడు కనుక అక్కడా ఇక్కడా గడువు ఎప్పుడో తీరింది. 1957లో పోయిన ఇంకో జపాన్ చిత్రకారుడు కవాసే హసుయి ప్రకృతి దృశ్యాలకు జపాన్‌లో అడ్డు లేకపోయినా, ఇతర దేశాలకు పంపేటప్పుడు ఆయా దేశాల లెక్క వేరుగా చూసుకోవాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఇలాంటి చిత్రాల పెద్ద డిజిటల్ ఫైళ్లు ఉచితంగానే ఇస్తాయి. ఓబన్ అనే జపాన్ అచ్చుల కొలతకు, అంటే సుమారు 39 సెంటీమీటర్లకు 26.5 సెంటీమీటర్లకు, అంగుళానికి 300 చొప్పున దాదాపు 4,600 × 3,130 పిక్సెళ్లు కావాలి. అంతకన్నా చిన్న ఫైలును సాగదీసి వేయకు.

అసలు చెప్పవలసింది తెలుపు గురించి. నేను పనిచేసిన ప్రెస్సుకు ఒకసారి కేలండర్ పని వచ్చింది. మంచులో నిలబడ్డ తెల్లకొంగ, వెనక బూడిదరంగు ఆకాశం ఉన్న పాత జపాన్ చిత్రం అది. మొదటి ప్రూఫ్ చూడగానే మా యజమాని, కాగితం మాసిపోయినట్టుంది, తెల్లగా చేసి పారేయండి అన్నాడు. అది మాపు కాదు, వయసు మీద వచ్చిన రంగు, దాన్ని మొత్తంగా లాగేస్తే కొంగ పోతుందని ఎంత చెప్పినా చెవికెక్కించుకోలేదు. బొమ్మంతటా ఎల్లో తగ్గించి, కాంట్రాస్ట్ పెంచి, ప్లేట్లు చేయించాడు. కింద ముదురుగా మొదలై పైకి పోనుపోను పలచబడే ఆకాశం చారలు చారలుగా విరిగి నీలానికి తిరిగింది. కొంగ మెడ మీది ఈకలు ఒక్కటీ మిగలలేదు. కత్తెరతో కత్తిరించి తీసేసినట్టు కొంగ ఉండవలసిన చోట ఖాళీ కనిపించింది. కేలండర్లన్నీ చెల్లిపోయాయి, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

ఎందుకలా అయిందో నీకు తెలియాలి. చెక్కదిమ్మలతో వేసే ఇలాంటి అచ్చుల్లో తెల్లపక్షికి తరచుగా తెల్ల సిరా వేయరు, రంగు తగలని కాగితాన్నే అలా వదిలేస్తారు. ఈకల కోసం చెక్కిన దిమ్మకు సిరా పూయకుండా, తడి కాగితాన్ని దాని మీద పరచి గట్టిగా రుద్దుతారు. దీన్ని కరజురి అంటారని మీ ఊళ్లో అచ్చుపని తెలిసినవాళ్లెవరినడిగినా చెబుతారు. కోజో అనే చెట్టు నారతో చేసిన ఆ కాగితం మీద ఈకలు సన్నటి గట్లలా లేస్తాయి. ఫైలులో అవి ఉన్నాయో లేవో అనిపించే బూడిద నీడలుగా మాత్రమే మిగులుతాయి, కంప్యూటరులో కాంట్రాస్ట్ పెంచగానే ముందు పోయేవి అవే.

అలాగని ఏమీ ముట్టుకోకుండా, గోధుమవన్నె ఫైలును తీసుకెళ్లి మీగడరంగు కాగితం మీద వేస్తే వయసు రెండింతలవుతుంది. నీ కాగితం ఎంత వెచ్చదనం ఇస్తుందో అంతే ఫైలులో తగ్గించు, మిగిలినది ఉండనీ. తెల్లగా కనిపించడానికి మెరుపు మందు కలిపిన కాగితం వద్దు, అది కొన్నాళ్లు నీలంగా మెరిసి ఆనక పసుపెక్కుతుంది. పత్తి కాగితం, సన్నటి రంగు రేణువులతో చేసే పిగ్మెంట్ సిరా అడుగు. కరిగే రంగుతో చేసే డై సిరా చవక అని ఆశపెడతారు, ఎండ తగిలే గోడ మీద అది త్వరగా వెలిసిపోతుంది.

పందొమ్మిదో శతాబ్దపు చిత్రకారుడు హిరోషిగే కాలం నాటి, అంతకు ముందటి పూల, పక్షుల చిత్రాలకు వెళ్తే ఇంకా జాగ్రత్త పడాలి. ఆ రోజుల్లో పూలరసంతో చేసిన నీలం, కుసుమపూల ఎరుపు వెలుతురుకు ఆగవు. 1921లో స్పాల్డింగ్ సోదరులు బోస్టన్ మ్యూజియానికి ఆరువేలకు పైగా అచ్చులిస్తూ, ఎన్నడూ ప్రదర్శనకు పెట్టకూడదని షరతు పెట్టారు. వాటి రంగులు ఈనాటికీ తాజాగా ఉండడానికి కారణం అదే. ఒకే చిత్రానికి రెండు మూడు ప్రతులు పోల్చి చూడకుండా, వెలిసిన రంగును నీ ఊహతో నింపవద్దు. నీకు తెలియదని కాదు తల్లీ, చిన్నప్పుడు ప్రెస్సు భూతద్దం కింద నాలుగు రంగుల చుక్కలు చూసి లెక్కపెట్టిన పిల్లవు నువ్వు, కానీ తొందర మనిషివి.

నా పెద్ద భయం వేరే ఉంది. నువ్వు నిజాయితీగానే అమ్ముతావు, నీ దగ్గర కొన్నవాడు దాన్ని అసలు దిమ్మ అచ్చని ఇంకొకరికి అంటగడితే? అందుకని అసలు కొలత కన్నా కొంచెం పెద్దదిగానో చిన్నదిగానో వేయించు. వెనక నీ పేరు, సంవత్సరం, ఇది పునర్ముద్రణ అన్న మాట చెరగకుండా రాయి. కోసన్ సంతకాన్నీ ముద్రనూ చెరపవద్దు, పక్కన నీ ఎర్రముద్ర అసలే వేయవద్దు. ఇది మరిచావని తెలిస్తే మాత్రం గట్టిగా కేకలేస్తాను.

రెండు రకాల కాగితాల మీద కొంగ మెడ ఉన్న భాగం ఒక్కటే ప్రూఫ్ తీయించి పోస్టులో పంపు. వాట్సాప్‌లో ఫొటో పంపితే నేను చూడను.

ఇట్లు,
పెదనాన్న