అరకు లెక్క రోహ్‌తాంగ్‌కి పనికిరాదు

ప్రశ్న: జూన్‌లో మనాలి వెళుతున్నాం. మా అత్తగారికి 69 ఏళ్లు, బీపీ మాత్రలు వాడతారు. బాబుకి మూడేళ్లు. చేరిన మర్నాడే కారులో మనాలి పైనున్న రోహ్‌తాంగ్ కనుమకి వెళ్లి సాయంత్రానికి దిగిపోవాలని అనుకుంటున్నాం. అరకు ఎన్నిసార్లు వెళ్లినా ఎవరికీ ఏమీ కాలేదు. ఇక్కడా ఫరవాలేదా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: మర్నాడే వద్దు. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లే. కొండ ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే కనిపిస్తుంది. మనాలి దాదాపు 2,050 మీటర్లు, రోహ్‌తాంగ్ 3,978. అక్కడ ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్, మన బీచ్‌లో అందేదాంట్లో సుమారు 60 శాతం. మనాలిలో రెండు రాత్రులు పడుకుని మూడో రోజు పొద్దున్నే బయల్దేరండి. ఆ రోజు మంగళవారం కాకూడదు, మరమ్మతుల కోసం దారి మూస్తారు. వాహనాల సంఖ్యకి రోజువారీ పరిమితి ఉంది కనక ఆన్‌లైన్ పర్మిట్ ముందే తీసుకోండి.

మీ అత్తగారిని విశాఖలోనే డాక్టరుకి చూపించండి. ఒక అంతస్తు మెట్లెక్కితే ఆయాసమో ఛాతీ నొప్పో వస్తుంటే ఆ కొండ ఆవిడకి వద్దు. దారిలో బాత్రూం దొరకదని పెద్దవాళ్లు ఒంట్లో నీరు తీసే మాత్ర మానేస్తారు, నీళ్లు తాగడమూ మానేస్తారు. ఆ రెండూ చెయ్యనివ్వకండి. పులిహోర చలికి గట్టిపడి నమలడం కష్టమవుతుంది, ఫ్లాస్కులో వేడి చారు పోసుకెళ్లండి.

బాబు విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. తలనొప్పి అని వాడు చెప్పలేడు. మలుపులకి వాంతి చేసుకున్న పిల్లాడు కారు ఆపి గాలి తగిలిస్తే అరగంటలో తేరుకుంటాడు. అప్పటికీ తేరుకోకుండా తిండి, ఆట వద్దంటూ, ఊరుకోకుండా ఏడుస్తూ, మగతగా ఉంటే ఎత్తే కారణమనుకుని అందరూ వెంటనే దిగిపోండి. 500 నుంచి 1,000 మీటర్లు దిగితే చాలామందికి నయమవుతుంది. చిన్న ఆక్సిజన్ డబ్బా నిమిషాల్లో అయిపోతుంది, దాన్ని నమ్ముకుని పైనే ఉండిపోకండి. పైన మనాలికన్నా సుమారు 12 డిగ్రీలు ఎక్కువ చలి. ఎత్తుకుని తిరిగితే కాళ్లు కదపడు కాబట్టి పాదాలు చల్లబడతాయి. అరగంటకోసారి మేజోళ్లు తీసి చూడండి, తడిస్తే మార్చండి.

లక్షణాలు ఎక్కిన కొన్ని గంటలకి మొదలవుతాయి కనక పైన గంటకి మించి ఉండకండి. మమ్మల్నడిగితే మీ కుటుంబానికి సిస్సు అనే ఊరు మేలు. 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ దాటితే వస్తుంది, రోహ్‌తాంగ్‌కన్నా 850 మీటర్ల దిగువన ఉంటుంది.

ప్రశ్న: అలాంటి ఎత్తులోనే నాన్నగారికి ఆక్సీమీటరు 84 చూపించింది. అది ప్రమాదమా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: 4,000 మీటర్ల దగ్గర ఆరోగ్యవంతులకీ 80ల్లో చూపించడం మామూలే. చల్లబడ్డ వేలికి అంకె తప్పుగా రావచ్చు. చేతులు రుద్ది వెచ్చబరిచి, గోళ్లరంగు ఉంటే తుడిచి, అంకె నిలకడగా ఆగేదాకా నిమిషం ఉంచండి. అదే కారులో వచ్చిన మిగతావాళ్లతో పోల్చి చూడండి. కూర్చున్నా ఆయాసం, తూలుతూ నడవడం, పొంతన లేని మాటలు ఉంటే మాత్రం అంకె ఎంతున్నా దింపేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.