గర్భం అని తెలియక ముందు ఛాతీ ఎక్స్‌రే తీశారు, పుట్టే బిడ్డకి క్యాన్సర్ వచ్చిద్దా?

తమ్ముడూ, మీ ప్రశ్న చదివి ఉండబట్టలేక రాస్తుండా. దగ్గు తగ్గట్లేదని మీ ఆవిడకి ఆత్మకూరులో ఛాతీ ఎక్స్‌రే తీశారు, తర్వాత వారానికి నెల తప్పిందని తెలిసింది, కడుపులో ఉండగా ఎక్స్‌రే పడితే పిల్లకాయలకి బ్లడ్ క్యాన్సర్ వచ్చిద్దని ఎవరో చెప్పారు, ఇంట్లో పెద్దోళ్ళేమో తీయించేయమంటున్నారు, ఇది నిజమేనా, నిజమైతే అసలు ఎట్టా కనిపెట్టారు అని కదా మీరు అడిగింది. నేను ఒంగోల్లో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని, నా పిల్లలు కడుపులో ఉన్నప్పుడు కూడా ఇదే పని చేశా, మా అత్త రోజూ మానేయమని పోరు పెట్టేది. ముందు అసలు మాట చెప్తా, ఒక్క ఛాతీ ఎక్స్‌రే కోసం ఆ బిడ్డని తీయించొద్దు.

ఎక్స్‌రేకీ పిల్లల క్యాన్సర్‌కీ సంబంధం ఉందనేది గాలి కబురేం కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆలిస్ స్టీవర్ట్ అనే డాక్టరమ్మ ఉండేది, 1950ల్లో బ్రిటన్‌లో చిన్నపిల్లలు లుకేమియాతో, అంటే మీరడిగిన బ్లడ్ క్యాన్సర్‌తో, పోవడం ఎక్కువవుతుంటే కారణం ఏందో తల్లుల్నే అడుగుదాం అనుకుంది. దానికి ఆమెకి దొరికిన డబ్బు 1000 పౌండ్లు, ఇచ్చింది లేడీ టాటా మెమోరియల్ ట్రస్టు, అంటే మన టాటాల డబ్బే. 1953 నుంచి 55 దాకా ఇంగ్లండ్, వేల్స్‌లో పదేళ్ళ లోపు క్యాన్సర్‌తో పోయిన పిల్లల తల్లుల్నీ, అదే వయసులో ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లుల్నీ ఒకే ప్రశ్నలు అడిగించింది. కడుపుతో ఉన్నప్పుడు పొట్ట మీద ఎక్స్‌రే తీశారని చెప్పినవాళ్ళు క్యాన్సర్ పిల్లల తల్లుల్లో దాదాపు రెట్టింపు తేలారు. 1956లో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో చిన్న ఉత్తరంగా వేసి, 1958లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పూర్తిగా రాసింది. ఇప్పటిలా అప్పుడు అల్ట్రాసౌండ్ లేదు కదా, బిడ్డ ఎట్టా తిరిగుందో, కవలలేమో, కాన్పుకి దారి సరిపోయిద్దో లేదో చూడాలంటే ఎక్స్‌రేనే తీసేవాళ్ళు.

చాలామంది డాక్టర్లు నమ్మలేదు. వాళ్ళ అనుమానం ఏందంటే, బిడ్డ పోయిన తల్లి ప్రతిదీ గుర్తు తెచ్చుకునిద్ది, బిడ్డ బాగున్న తల్లికి ఏం గుర్తుండిద్ది అని. ఈ మాటలో నిజం ఎంతుందో నేను కళ్ళారా చూశా. లుకేమియా ఉన్న ఒక బాబుకి ఛాతీ ఫిల్ము తీస్తుంటే వాళ్ళమ్మ, పొదిలి దగ్గర పల్లెటూరు, బాబు రెండు చేతులూ పైకెత్తి పట్టుకునే నన్ను అడగతా ఉంది, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు వాకిట్లోకి వచ్చా మేడం అందుకా, బొప్పాయి ముక్క తిన్నా అందుకా, కాలు బెణికితే ఫోటో తీశారు అందుకా అని. ఆరేళ్ళ కిందటి సంగతులు తేదీలతో సహా చెప్తా ఉంది. ఇవేవీ కాదమ్మా, నీ తప్పేం లేదని చెప్పా, అంతకన్నా ఏం చెప్పాలో నాకూ తోచలేదు. ఇట్టాంటి తల్లి దగ్గరికి ఫారం పట్టుకుని పోయి అడిగితే ఆమె రాసేది, పక్కింటామె రాసేది ఒకటే ఎట్టా అయ్యిద్ది?

అందుకని అమెరికాలో బ్రయాన్ మెక్‌మాన్ అనే పరిశోధకుడు తల్లుల్ని అడగడమే మానేశాడు. 37 కాన్పు ఆసుపత్రుల్లో 1947 నుంచి 54 దాకా పుట్టిన ఏడు లక్షల పైచిలుకు పిల్లల్ని తీసుకుని, ఎక్స్‌రే తీశారా లేదా అనేది ఆసుపత్రి రికార్డుల్లోంచే చూశాడు. 1962లో వచ్చిన ఆ లెక్కలోనూ ఎక్స్‌రే పడిన పిల్లల్లో క్యాన్సర్ చావులు సుమారు 40 శాతం ఎక్కువ. ఇంకో అనుమానం ఏందంటే ఎక్స్‌రే వల్ల కాదేమో, ఏదో జబ్బు ఉన్న తల్లులకే ఎక్స్‌రే తీస్తారు కాబట్టి ఆ జబ్బు వల్లేమో అని. దానికి కవలల్ని చూశారు, వాళ్ళకి తీసేది తల్లికి జబ్బని కాదు, పొట్ట పెద్దగా ఉందని, వాళ్ళలోనూ ఎక్స్‌రే పడినవాళ్ళకే ఎక్కువ కనపడింది. హిరోషిమా, నాగసాకిలో కడుపులో ఉండగా బాంబు రేడియేషన్ పడిన పిల్లల్లో మాత్రం చిన్నప్పటి క్యాన్సర్లు అనుకున్నన్ని కనపడలేదు, కాకపోతే వాళ్ళు సుమారు 1300 మందే, అంత తక్కువ మందిలో ఇంత అరుదైన జబ్బు లెక్క తేలడం కష్టం, దాని మీద వాదన చానాళ్ళు నడిచింది.

ఇక మీకు కావాల్సిన లెక్క. 1997లో రిచర్డ్ డాల్, రిచర్డ్ వేక్‌ఫర్డ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇవన్నీ తిరగేసి, బిడ్డకి 10 మిల్లీగ్రే (ఒంట్లోకి ఎంత రేడియేషన్ పడిందో కొలిచే లెక్క) పడినా రిస్కు పెరిగిద్దని తేల్చారు, వాళ్ళ అంచనా ప్రకారం 10 మిల్లీగ్రేకి పదివేల మందిలో అదనంగా ఆరుగురు. ఛాతీ ఎక్స్‌రేలో కిరణాలు రొమ్ము మీదే పడతాయి, గర్భసంచి దాకా చేరేది 0.01 మిల్లీగ్రే కన్నా తక్కువ. అదే అంచనాతో గుణిస్తే కోటి మందిలో ఆరుగురు కూడా కాదు. ఏ ఎక్స్‌రే లేకపోయినా నేల నుంచీ, ఆకాశం నుంచీ తొమ్మిది నెలల్లో ఏ బిడ్డకైనా అర మిల్లీగ్రే నుంచి ఒకటి దాకా పడతానే ఉండిద్ది. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2000లోనే రాసింది, 100 మిల్లీగ్రే లోపు అయితే రేడియేషన్ పడిందని చెప్పి గర్భం తీయించాల్సిన పని లేదని.

నా సంగతి అంటారా, సీసం ఏప్రాన్ లోపల టీఎల్‌డీ బ్యాడ్జి, అంటే మా మీద ఎంత రేడియేషన్ పడిందో కొలిచే బిళ్ళ, పెట్టుకునేదాన్ని, మూడు నెలలకోసారి ల్యాబ్‌కి పోయి రీడింగ్ వచ్చేది. మా పనిలో ఉన్న ఆడోళ్ళు గర్భం అని చెప్పినాక మిగతా నెలలన్నిటికీ కలిపి బిడ్డకి 1 మిల్లీసీవర్ట్ (ఎక్స్‌రేల్లో అయితే 1 మిల్లీగ్రే అంతే) దాటకూడదని మన దేశంలో రేడియేషన్ భద్రత చూసే ఏఈఆర్‌బీ రూలు. ఆ రీడింగ్ కాగితం మా అత్త చేతికిచ్చి చదివి వినిపించినాక ఆమె నోరు మెదపలేదు, ఇద్దరూ ఇప్పుడు బడికి పోతుండారు.

అట్టని ఎక్స్‌రే అంటే లెక్కలేకుండా ఉండమని కాదు. రాళ్ళ నొప్పని పొట్టకి తీసే ఎక్స్‌రేకి సగటున 1.4 మిల్లీగ్రే దాకా, పొత్తికడుపు సీటీ అయితే 25 దాకా పడొచ్చు, అందుకే నెల తప్పిందేమో అనిపిస్తే గదిలోకి రాకముందే చెప్పమంటా, మేం అడగకపోయినా చెప్పండి, సిగ్గు పడొద్దు. గర్భంలో చేసే మామూలు స్కానింగ్‌లో మాత్రం రేడియేషనే లేదు, దాన్ని దీన్నీ కలపొద్దు.

మీరు చేయాల్సింది, ఆ ఎక్స్‌రే ఫిల్ము, బిల్లు తీసుకుని కాన్పుల డాక్టరమ్మకి చూపించండి, ఏ తేదీన ఏ భాగానికి తీశారో ఆమె ఫైల్లో రాసుకునిద్ది. ఆ దగ్గు ఎందుకు తగ్గట్లేదో కూడా అప్పుడే అడగండి, టీబీ అయితే దానికి మందు వాడకపోవడమే తల్లికీ బిడ్డకీ అసలు ప్రమాదం. ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇంకా మొదలుపెట్టకపోతే రేపే అడిగి మొదలుపెట్టించండి.