టికెట్ లేనివాళ్ల గురించి రాయి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. రాత్రి పడుకోబోయే ముందు చదివితే బాగుందనిపించింది, పొద్దున లేచి మళ్లీ చదివితే బాగోలేదు. రెండూ నిజమే, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ప్రయాణం ఏమీ లేకపోయినా జనం సరదాగా ఎయిర్‌పోర్టుకి వెళ్లి విమానాలు చూసొచ్చిన కాలం గురించి రాయాలనుకున్నావు చూడు, అది మంచి ఆలోచన. కానీ నువ్వు రాసింది ఆ కాలం గురించి కాదు, ఆ కాలం పోయిందన్న నీ దిగులు గురించి. "ఆ రోజులే వేరు" అన్న మాట నాలుగు పేజీల్లో ఐదుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. ఎలా వేరో మాత్రం ఒక్కచోటా చెప్పలేదు. నీ వయసుకి ఆ రోజులు చూసే అవకాశమే లేదు కదా, చూడనిదానికి నిట్టూరిస్తే చదివేవాడు ఇట్టే పట్టేస్తాడు. చూసినవాడు నిట్టూర్చడు, వివరాలు చెప్తాడు.

ముందు నీ మొదటి వాక్యం తీసెయ్. "2001 సెప్టెంబర్ 11న అంతా మారిపోయింది" అని మొదలుపెట్టావు. అందరూ అలాగే మొదలుపెడతారు, అందులో సగమే నిజం. ఆ తలుపు ఒక్కరోజులో మూసుకోలేదు. 1968 నుంచి 1972 దాకా అమెరికాలో వందకు పైగా హైజాక్‌లు జరిగాయి, అయినా విమానం ఎక్కేవాళ్లందరినీ తనిఖీ చేయాలంటే కంపెనీలు ఒప్పుకోలేదు, కస్టమర్లు చిరాకు పడతారని వాళ్ల భయం. 1972 నవంబర్‌లో ముగ్గురు ఒక విమానాన్ని పట్టుకుని, అడిగినంత డబ్బు ఇవ్వకపోతే ఓక్ రిడ్జ్‌లోని అణు రియాక్టర్ మీద కూల్చేస్తామని బెదిరించాక గానీ ప్రభుత్వం కదల్లేదు. 1973 జనవరి 5 నుంచి ప్రతి ప్రయాణికుడినీ, చేతిలో ఉన్న ప్రతి సంచినీ చూడడం తప్పనిసరైంది. ఇక్కడ ఒక తమాషా ఉంది, నీ వ్యాసంలో అసలు లేనిది: ఆ తర్వాత కూడా ఇంకో ఇరవై ఎనిమిదేళ్లు అక్కడ టికెట్ లేని మనిషి మెటల్ డిటెక్టర్‌లోంచి నడిచి, నేరుగా గేటు దాకా వెళ్లి, విమానం దిగివస్తున్న అమ్మమ్మ చేతిలో సంచి అందుకోగలిగేవాడు. 2001లో పోయింది అది. తనిఖీ వేరు, టికెట్ లేనివాణ్ణి బయటే నిలబెట్టడం వేరు. నువ్వు రెండింటినీ కలిపి ఒకే బాధ చేశావు.

ఈ తప్పు నేనూ చేశాను, అందుకే నీది అంత త్వరగా కనిపించింది. నీ వయసులో ఒక పత్రికకి పాత రైల్వే స్టేషన్ల మీద రాసి పంపితే, ఎడిటర్ దాని మీద ఎర్ర ఇంకుతో ఒకే ప్రశ్న రాసి తిప్పి పంపాడు: "ఎవరికి?" ఎవరికి పోయింది, ఎవరికి దొరికింది అని అడుగుతున్నాడని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నీకు అంత టైమ్ పట్టకూడదని ఇప్పుడే చెప్తున్నాను.

ఎవరికి అంటే, టికెట్ కొనలేనివాళ్లకి. నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది. 1950లలో, 60లలో విమానం ఎక్కడమంటే డబ్బున్నవాళ్ల పని, చూడడం మాత్రం ఎవరైనా చూడొచ్చు. న్యూయార్క్ లాగార్డియాలో జనం టర్న్‌స్టైల్‌లో, అంటే నాణెం వేస్తే తిరిగి లోపలికి వదిలే గేటులో, చిన్న నాణెం వేసి డాబా మీదికి వెళ్లేవాళ్లు. అంటే ఎయిర్‌పోర్టుకి వాళ్ల వల్ల రాబడి కూడా ఉండేది, ఊరికే దయతో రానివ్వలేదు. ఇది రాయి, ఎందుకంటే నువ్వు ఆనాటి అధికారులందర్నీ పెద్ద మనసున్న మహానుభావుల్లా చూపించావు. లండన్ హీత్రూలో క్వీన్స్ బిల్డింగ్ పైన సందర్శకుల కోసమే తోటలు పెంచారు. పారిస్ దగ్గర ఓర్లీలో 1961లో కొత్త టెర్మినల్ తెరిస్తే, అక్కడి కుటుంబాలకి ఆదివారం గడపడానికి అదొక చోటైపోయింది. పిల్లల్ని వెంటేసుకుని వచ్చి మేడ మీద నిలబడి, జీవితంలో ఎప్పుడూ వెళ్లని ఊళ్ల పేర్లు అనౌన్స్‌మెంట్‌లో విని ఇంటికెళ్లేవాళ్లు. ఏమీ కొనలేదు, ఎక్కడికీ వెళ్లలేదు, అయినా ఆ రోజు ఏదో చేశామన్న తృప్తి. ఆ తృప్తి ఏమిటో పట్టుకోగలిగితే నీ వ్యాసం నిలబడుతుంది.

బెర్లిన్‌లో టెంపెల్‌హోఫ్ అని ఒకటుంది. 1930లలో కట్టిన ఆ టెర్మినల్ ఒక పెద్ద వంపులా కిలోమీటరుకి పైగా సాగుతుంది, దాని పైకప్పుని వేలమంది కూర్చుని విమానాల విన్యాసాలు చూసేలా గ్యాలరీగా ప్లాన్ చేశారు, పైకి ఎక్కడానికి మెట్ల గోపురాలు కూడా పెట్టారు. యుద్ధం వచ్చిపడింది, ఆ గ్యాలరీ అనుకున్నట్టు ఎప్పుడూ నిండలేదు. కట్టించింది నాజీ ప్రభుత్వం, కాబట్టి జనం మీద ప్రేమతో అనుకోకు, జనానికి తమ బలం చూపించాలని. ఆ ఎయిర్‌పోర్టు 2008లో మూతపడింది, 2010 నుంచి దాని రన్‌వేల మీద జనం సైకిళ్లు తొక్కుతున్నారు. ఈ ఒక్క బిల్డింగ్ మీదే ఒక వ్యాసం రాయొచ్చు. నాకు టైమ్ ఉంటే నేనే రాద్దును, నీకు వదిలేస్తున్నాను.

చూడడం అన్నది ఎప్పుడూ బుద్ధిగా నిలబడి చూడడం కాదు, అది కూడా గుర్తుపెట్టుకో. 1927 మే 21 రాత్రి అమెరికా పైలట్ లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటి పారిస్ పక్కన లె బూర్జేలో దిగినప్పుడు సుమారు లక్షన్నర మంది వచ్చారంటారు. కంచెలు తోసుకుని మైదానంలోకి పడ్డారు, విమానం గుడ్డ చించి ముక్కలు గుర్తుగా పట్టుకుపోయారు. అభిమానం ఎక్కువైతే విమానానికే ప్రమాదం. కంచె ఎత్తు పెరగడానికి కారణాల్లో ఇదీ ఒకటి అనుకోవచ్చు, హైజాకర్లు ఇంకా పుట్టకముందే.

ఇప్పుడు నీకు బాగా పనికొచ్చే విషయం. సెక్యూరిటీ ఒక్కటే ఆ చూపుని ఆపలేదు. ఏరోబ్రిడ్జ్ ఆపింది, టెర్మినల్‌ని విమానం తలుపుకి కలిపే ఆ మూసిన వంతెన. అంతకుముందు ప్రయాణికుడు టెర్మినల్ తలుపు దాటి, ఎండలోనో వానలోనో నడిచి, మెట్ల బండి ఎక్కి, పై మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగి చెయ్యి ఊపేవాడు. డాబా మీదున్న వాళ్లలో తనవాళ్లెక్కడో అతనికి కనిపించేది కూడా కాదు, అందుకని అందరికీ ఊపేవాడు, అందరూ తిరిగి ఊపేవాళ్లు, సంబంధం లేనివాళ్లు కూడా. 1964 ఫిబ్రవరి 7న ఇంగ్లండ్ పాటల బృందం బీటిల్స్ న్యూయార్క్‌లో దిగినప్పటి ఫొటోలు చూడు, మెట్ల మీద వాళ్లు, మేడ మీద వేలమంది అభిమానులు. 1950ల చివర్లో ఆ కదిలే వంతెనలు వచ్చాయి, మెల్లగా అన్నిచోట్లకీ పాకాయి, ఇక మనిషి గోడలోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి విమానంలోకి వెళ్లిపోవడమే. వాన తగలదు, చెయ్యీ ఊపడు. ఎవరూ దీన్ని నిషేధించలేదు, సౌకర్యం కోసం అదే పోయింది. పోయేవాటిలో సగం ఇలాగే పోతాయని నా అనుమానం, కానీ ఆ మాట నువ్వు రాయకు, మెట్ల బండి గురించి రాయి చాలు.

దానికితోడు జెట్లు. 1958లో బోయింగ్ 707 అట్లాంటిక్ మీద తిరగడం మొదలుపెట్టింది, 1970 జనవరిలో 747 వచ్చింది. పెద్ద విమానం, ఎక్కువ జనం, ఎక్కువ హోరు. డాబా మీద చోటు కన్నా లోపల కుర్చీల చోటు అవసరమైంది. ఇది ఒక పేరాలో ముగించు, ఇంజన్ల గురించి ఎక్కువ రాస్తే ఇంజనీర్లు తప్ప ఎవరూ చదవరు.

భయం గురించి మాత్రం ఎక్కువ రాయి. నీ వ్యాసంలో భయమే లేదు, అందుకే అది పాత క్యాలెండర్ బొమ్మలా ఉంది. 1950లలో అమెరికా ఎయిర్‌పోర్టుల్లో మెషిన్లో నాణేలు వేస్తే విమాన ప్రమాద బీమా కాగితం బయటికి వచ్చేది, ఇప్పుడు కూల్‌డ్రింక్ వచ్చినట్టు. 1955 నవంబర్ 1న డెన్వర్‌లో ఒకతను భార్యతో కలిసి తల్లిని సాగనంపడానికి వచ్చాడు. ఆమె పేరు మీద ఆ బీమా తీసుకున్నాడు. ఆమె పెట్టెలో బాంబు పెట్టింది కూడా అతనే. విమానం లేచిన కొద్ది నిమిషాలకే గాల్లో పేలి 44 మంది చనిపోయారు. నువ్వు అంత మురిపెంగా రాసిన ఆ సాగనంపే దృశ్యం, గేటు దగ్గర కొడుకు, పెట్టె పట్టుకున్న తల్లి, అదే దృశ్యం ఇది. ఈ రెండూ నీ వ్యాసంలో పక్కపక్కన ఉండాలి. 1972 మే నెలలో ఇజ్రాయెల్‌లోని లోద్ ఎయిర్‌పోర్టులో విమానం దిగిన ముగ్గురు తమ సామానులోంచే తుపాకులు తీసి 26 మందిని చంపారు. 1975 డిసెంబర్ 29న లాగార్డియాలో సామాను లాకర్ల దగ్గర బాంబు పేలి 11 మంది పోయారు, ఎవరు పెట్టారో నేటికీ తేలలేదు. ఆ లాకర్లు ఎవరైనా రాగలిగే చోటే ఉండేవి. ఇది చదివాక కూడా నీకు ఆ పాత తలుపు తెరిచే ఉండాల్సింది అనిపిస్తే అలాగే రాయి, నాకేం అభ్యంతరం లేదు, కానీ తెలిసి రాయి. నాకైతే ఇప్పటికీ ఏది సబబో తేలలేదు, క్యూలో బెల్టు విప్పుతున్నప్పుడు ఒకలా అనిపిస్తుంది, విమానం లేచాక ఇంకోలా.

వివరాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతావు. పాత ఫొటోలు చూడు, కానీ మధ్యలో ఉన్న విమానాన్ని కాదు, అంచుల్లో ఉన్నవాళ్లని. రెయిలింగ్ మీద మోచేతులు పెట్టుకున్నవాళ్లు, తోక మీద నంబరు చూసి నోట్‌బుక్‌లో రాసుకునే కుర్రాడు, చెవులు మూసుకున్న పాప, విమానం వైపు వీపు పెట్టి సిగరెట్ తాగే మనిషి. ఆ మనిషి ఎందుకొచ్చాడో ఆలోచించు. ఆ కాలం చూసిన పెద్దవాళ్లు దొరికితే "అప్పుడెలా ఉండేదండీ" అని మాత్రం అడగకు, అడిగావా, వాళ్లూ "ఆ రోజులే వేరు" అంటారు, నీకు ఆరోసారి దొరుకుతుంది. ఎక్కడ నిలబడ్డారు, ఎంతసేపు, చేతిలో ఏముంది, ఎవరైనా ఆపారా, బోరు కొట్టిందా అని అడుగు. బోరు కొట్టిందా అన్నది ముఖ్యం. ఒక విమానానికీ ఇంకో విమానానికీ మధ్య చాలాసేపు ఏమీ జరిగేది కాదు, విమానాల వేళలు చూపించే, ఆకు గలగలల్లాగా తిరిగే పలకల బోర్డు ఒకసారి మోగి ఆగిపోయేది, పిల్లలు విసిగించేవాళ్లు. నేను చిన్నప్పుడు అలా నిలబడినదాంట్లో విమానాల కంటే ఆ ఎదురుచూపే ఎక్కువ గుర్తుంది, కిరసనాయిలు లాంటి వాసన, జాలీ కంచె బుగ్గ మీద అచ్చుపడడం. ఎక్కింది మాత్రం ఎన్నో ఏళ్ల తర్వాత, ఎక్కాక కిటికీలోంచి ఆ కంచె కోసం వెతికాను.

చివరి పేజీలో "ఇక ఆ కాలం రాదు" అని తేల్చేశావు. తొందరపడ్డావు. టోక్యో హనేదాలో ఇప్పటికీ టెర్మినళ్ల మీద డెక్‌లున్నాయి, టికెట్ అడగరు. మ్యూనిక్‌లో విమానాలు చూసేవాళ్ల కోసమే ఒక గుట్ట కట్టి ఉంచారు. అమెరికాలో పిట్స్‌బర్గ్ ఎయిర్‌పోర్టు 2017లో, ముందుగా పేరు రాయించుకుని తనిఖీ దాటితే ప్రయాణం లేనివాళ్లు కూడా లోపలికి రావచ్చని మొదలుపెట్టింది, ఆ తర్వాత మరికొన్ని ఊళ్లు అదే పద్ధతి పట్టుకున్నాయి. సింగపూర్ చాంగీలో 2019లో జువెల్ అనే పెద్ద మాల్ తెరిచారు, అక్కడికి విమానం ఎక్కనివాళ్లూ పోతారు, అయితే విమానాల కోసం కాదు, షాపుల కోసం, భవనం లోపల పడే 40 మీటర్ల జలపాతం కోసం. విమానం చూడ్డానికి వెళ్లే చోటు, విమానం పేరు చెప్పి షాపింగ్‌కి వెళ్లే చోటు అయింది. ఇందులో ఒక నవ్వు ఉంది, దాన్ని వదలకు.

ఇంకొక్క మాట. నీ మూడో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది, నువ్వు గమనించావో లేదో: "విమానం మబ్బుల్లోకి వెళ్లిపోయాక కూడా మేడ మీద ఎవరూ కదల్లేదు." మొత్తం వ్యాసంలో నిట్టూర్పు లేని వాక్యం అదొక్కటే. ఎవరి నోట విన్నావో, ఎక్కడ దొరికిందో కనుక్కుని, వాళ్ల దగ్గరికే మళ్లీ వెళ్లి ఆ మేడ మీద ఎంతమంది ఉన్నారో, తర్వాత ముందుగా ఎవరు కదిలారో అడుగు. దానితో మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. ఈసారి టైప్ చేసి పంపించు, నీ చేతిరాత చదివేసరికి నా కళ్లజోడు నంబరు పెరిగేలా ఉంది.

మీ అన్నయ్య